మెమొరీ పెంచిన తర్వాత కంప్యూటర్ మొదలు కాకపోవడం

కంప్యూటర్‌లో కొత్త ర్యామ్ వేసి స్విచ్ నొక్కినప్పుడు ఫ్యాన్లు తిరుగుతున్నా తెర నల్లగానే ఉండిపోవడం, రెండు మూడు సెకన్లకే ఆగిపోయి మళ్లీ తనంతట తానే మొదలవుతూ ఉండడం, లేదా బీప్ మోతలతో ఎక్కడి పని అక్కడే నిలిచిపోవడం తరచుగా ఎదురయ్యే ఇబ్బందులు. రిపేరు దుకాణాల్లో దీన్ని ‘నో డిస్‌ప్లే’ అంటారు. చూడ్డానికి కంప్యూటర్ మొత్తం పాడైపోయినట్టు అనిపించినా, చాలా సందర్భాల్లో ఏ భాగమూ కాలిపోయి ఉండదు. ర్యామ్ స్టిక్ స్లాట్‌లో పూర్తిగా దిగకపోవడం, కొన్న ర్యామ్ ఆ మదర్‌బోర్డుకు పొసగకపోవడం, బయాస్‌లో పాత సెట్టింగులు మిగిలిపోవడం, ర్యామ్ వేసేటప్పుడు పక్కనున్న వైరు ఏదో వదులు కావడం దీనికి ప్రధాన కారణాలు. కొత్త స్టిక్కే లోపంతో రావడం కూడా ఉంది గానీ, పై నాలుగింటినీ చూశాకే దాన్ని అనుమానించాలి. ఈ లోపాన్ని పట్టుకోవడంలో పెద్ద ఆధారం ఒకటి చేతిలోనే ఉంటుంది. ర్యామ్ మార్చకముందు కంప్యూటర్ పనిచేసింది. ఆ పాత స్థితికి తిరిగి వెళ్లి, అక్కడి నుంచి ఒక్కసారికి ఒక్క మార్పే చేస్తూ వస్తే కారణం దాదాపు ప్రతిసారీ బయటపడుతుంది.

మెమొరీ లేకపోతే తెర ఎందుకు వెలగదు

పవర్ బటన్ నొక్కగానే కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ 12, 5, 3.3 వోల్టుల సరఫరాలను నిలకడకు తెచ్చి, కరెంటు సరిగ్గా ఉందని మదర్‌బోర్డుకు సంకేతం పంపుతుంది. అప్పుడు ప్రాసెసర్ మేలుకొని, బోర్డు మీది చిన్న ఫ్లాష్ చిప్‌లో ఉన్న బయాస్ ప్రోగ్రాం నుంచి మొదటి ఆదేశాన్ని చదువుతుంది. ఇప్పటి కంప్యూటర్లలో ఆ ప్రోగ్రాం యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో ఉన్నా, వాడుకలో బయాస్ అనే పేరే నిలిచింది.

ఆ క్షణానికి ర్యామ్ ఇంకా వాడుకకు సిద్ధంగా ఉండదు. దానికి ఎంత వోల్టేజి ఇవ్వాలో, ఏ వేగంతో నడపాలో ప్రాసెసర్‌కు తెలియదు. అందుకని బయాస్ మొదట ప్రాసెసర్ లోపలి క్యాష్‌నే తాత్కాలిక మెమొరీగా వాడుకుంటూ పని మొదలుపెడుతుంది. ప్రతి ర్యామ్ స్టిక్ మీదా ఎస్‌పీడీ అనే చిన్న చిప్ ఒకటి ఉంటుంది. స్టిక్ ఏ తరానికి చెందింది, ఎన్ని జీబీలు, ఏ వేగాలకు ఏ టైమింగులు కావాలి అన్న వివరాలు అందులో నమోదై ఉంటాయి. బయాస్ వాటిని చదివి, ప్రాసెసర్‌లోని మెమొరీ కంట్రోలర్‌ను తగినట్టు అమర్చి, సంకేతాలు సరిగ్గా చేరుతున్నాయో లేదో పరీక్షిస్తుంది. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లలో ప్రధాన కోర్లు మేలుకోకముందే లోపలి భద్రతా ప్రాసెసర్ ఈ పనిని పూర్తి చేస్తుంది.

గ్రాఫిక్స్‌ను మేలుకొలపడం, తెర మీద కంపెనీ బొమ్మ చూపించడం, కీబోర్డును, డిస్క్‌ను వెతకడం అన్నీ ర్యామ్ సిద్ధమయ్యాకే జరుగుతాయి. కాబట్టి మెమొరీ దగ్గరే పని ఆగిపోతే, ఆ సంగతిని తెర మీద రాసి చెప్పే అవకాశం కూడా కంప్యూటర్‌కు ఉండదు. లోపాన్ని బీప్ మోతలతోనో ఎల్‌ఈడీ దీపాలతోనో తెలియజేసే పద్ధతి ఈ అవసరం నుంచే పుట్టింది. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, హార్డ్ డిస్క్ మార్చడం ఈ దశలో దేనికీ పనికిరావు. ఆపరేటింగ్ సిస్టం వంతు ఇంకా రానే లేదు.

మెమొరీ విస్తరణ చరిత్ర

నేటి ర్యామ్‌కు మూలమైన డీర్యామ్ అమరికను ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెనార్డ్ 1966లో రూపొందించాడు. 1968లో దానికి పేటెంటు వచ్చింది. ఒక్కో బిట్‌కు ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ చాలునన్నది అందులోని కీలకం. కెపాసిటర్‌లోని విద్యుదావేశం కారిపోతూ ఉంటుంది కనుక దాన్ని ఎప్పటికప్పుడు నింపుతూ ఉండాలి. డీడీఆర్4 చిప్‌లలో మామూలు ఉష్ణోగ్రతల వద్ద ప్రతి వరుసనూ 64 మిల్లీసెకన్లలోపు ఒకసారి నింపాలి. మెమొరీ ఇంత సున్నితమైన కాలపట్టికకు లోబడి నడుస్తుంది కాబట్టే సెట్టింగుల్లో చిన్న తేడా వచ్చినా కంప్యూటర్ మొదలు కాకపోవచ్చు.

1981లో వచ్చిన ఐబీఎం పీసీలో మెమొరీ పెంచినవారు మదర్‌బోర్డు మీది చిన్న చిన్న స్విచ్‌లను కూడా మార్చి, ఎంత మెమొరీ ఉందో యంత్రానికి చేత్తో చెప్పాల్సి వచ్చేది. మెమొరీ లోపాలను ఆ యంత్రం 201 అనే అంకెతో సూచించేది. తర్వాత చిప్‌లను చిన్న పలక మీద అతికించిన సిమ్‌లు వచ్చాయి. ప్రాసెసర్ డేటా దారి వెడల్పును నింపడానికి వాటిని జట్లుగా వేయాలి. 32 బిట్ల 486 ప్రాసెసర్‌కు 30 పిన్నుల సిమ్‌లైతే నాలుగేసి, 64 బిట్ల దారి ఉన్న పెంటియంకు 72 పిన్నుల సిమ్‌లైతే రెండేసి కావాలి. ఒకటే వేస్తే యంత్రం కదలదు. 1999 తర్వాత కొన్నేళ్లు ఇంటెల్ ప్రోత్సహించిన ర్యాంబస్ మెమొరీలో ఖాళీ స్లాట్లలో కూడా చిప్‌లు లేని ఉత్త పలకలు పెట్టి తీరాలి. అవి లేకపోతే సంకేతాల దారి తెగిపోయి కంప్యూటర్ మొదలయ్యేది కాదు.

64 బిట్ల డిమ్ స్టిక్‌లు, వాటి మీది ఎస్‌పీడీ చిప్ రావడంతో ఈ కష్టాలు చాలావరకు తీరాయి. మెమొరీ కంట్రోలర్ కూడా చోటు మారింది. ఒకప్పుడు మదర్‌బోర్డు చిప్‌సెట్‌లో ఉండేదాన్ని ఏఎండీ 2003లో, ఇంటెల్ 2008లో ప్రాసెసర్ లోపలికి తీసుకువచ్చాయి. అప్పటి నుంచి ఏ ర్యామ్ పనిచేస్తుందో తేల్చడంలో బోర్డుతో పాటు ప్రాసెసర్‌కూ అంతే పాత్ర ఉంది.

పొసగని ర్యామ్

ర్యామ్ ప్రమాణాలను జెడెక్ అనే పరిశ్రమ సంస్థ నిర్ణయిస్తుంది. డీడీఆర్ ప్రమాణం 2000లో, డీడీఆర్2 2003లో, డీడీఆర్3 2007లో, డీడీఆర్4 2012లో, డీడీఆర్5 2020లో వెలువడ్డాయి. వీటి వోల్టేజీలు వరుసగా 2.5, 1.8, 1.5, 1.2, 1.1. ఒక తరం స్టిక్ మరో తరం స్లాట్‌లో పనిచేయదు. డెస్క్‌టాప్‌లకు వాడే డీడీఆర్2, డీడీఆర్3 స్టిక్‌లు రెంటికీ 240 పిన్నులే. డీడీఆర్4, డీడీఆర్5 రెంటికీ 288 పిన్నులే. పొరపాటున ఒకదాని చోట మరొకటి దూర్చకుండా అంచులోని గాటు స్థానాన్ని మార్చారు. స్టిక్ దిగడం లేదంటే ముందుగా తరాన్ని, తిప్పి పెట్టిన దిశను చూడాలి. బలంగా నొక్కితే స్లాట్ విరగవచ్చు, ఆ స్థితిలో కరెంటు ఇస్తే స్టిక్, బోర్డు రెండూ కాలిపోవచ్చు. ఇంటెల్ 12వ తరం నుంచి ఒకే ప్రాసెసర్‌కు డీడీఆర్4 బోర్డులు, డీడీఆర్5 బోర్డులు విడివిడిగా వచ్చాయి. అక్కడ ప్రాసెసర్ పేరు చూసి ర్యామ్ కొంటే సరిపోదు, బోర్డు పేరు చూడాలి.

గాటు సరిపోయినంత మాత్రాన ర్యామ్ పొసగినట్టు కాదు. 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్, 1.5 వోల్టుల డీడీఆర్3 ఒకే ఆకారంలో ఉంటాయి. నాలుగో తరం ఇంటెల్ కోర్ ప్రాసెసర్లతో వచ్చిన ల్యాప్‌టాప్‌లకు డీడీఆర్3ఎల్ కావాలి. మామూలు డీడీఆర్3 వేస్తే తెర రాదు. సర్వర్లకు వాడే రిజిస్టర్డ్ డీడీఆర్4 స్టిక్‌లు ఇంటి కంప్యూటర్ స్లాట్‌లో చక్కగా దిగుతాయి గానీ పనిచేయవు. పాత సర్వర్ల నుంచి తీసిన ఇలాంటి స్టిక్‌లు సెకండ్‌హ్యాండ్ బజారులో తక్కువ ధరకు దొరుకుతుంటాయి కాబట్టి లేబుల్ మీద పీసీ4 తర్వాత వచ్చే అంకెల పక్కన ‘ఆర్’ అక్షరం ఉందేమో చూసుకోవాలి. ఇంటి కంప్యూటర్‌కు కావలసినదానిపై ‘యూ’ అని, ల్యాప్‌టాప్ స్టిక్‌పై ‘ఎస్’ అని ఉంటుంది.

డీడీఆర్2, డీడీఆర్3 తరాల్లో ఏఎండీ బోర్డులకు మాత్రమే పనికివచ్చే చవక స్టిక్‌లు కూడా అమ్ముడుపోయాయి. వాటిలోని చిప్‌ల అమరికను ఇంటెల్ కంట్రోలర్ గుర్తించలేదు. ఏ లోపమూ లేని స్టిక్ ఒక కంప్యూటర్‌లో నడిచి మరోదానిలో నడవకపోవడానికి ఇదొక కారణం.

పరిమాణానికీ హద్దులున్నాయి. నాలుగో తరం వరకు ఇంటెల్ ఇంటి ప్రాసెసర్లు ఒక్కో డీడీఆర్3 స్టిక్‌లో 8 జీబీకి మించి గుర్తించవు. పాత కంప్యూటర్లలో ఇప్పటికీ ఎక్కువగా కనిపించే హెచ్61 బోర్డులకు రెండే స్లాట్లు, మొత్తం 16 జీబీయే హద్దు. వాటిలో 16 జీబీ స్టిక్ వేస్తే బీప్ మోత తప్ప ఫలితం ఉండదు. 2023లో బజారులోకి వచ్చిన 24, 48 జీబీ డీడీఆర్5 స్టిక్‌లకు అంతకుముందు తయారైన బోర్డుల్లో కొత్త బయాస్ అవసరమవుతుంది.

ఉన్న స్టిక్‌కు కొత్తదాన్ని జత చేసినప్పుడు వచ్చే చిక్కు వేరు. రెండూ విడివిడిగా పనిచేస్తాయి, కలిపితే పనిచేయవు. వేగాలు వేరైనప్పుడు బయాస్ రెంటినీ తక్కువ వేగానికి దించి నడపడం సాధారణం. అయితే చిప్‌ల అమరిక, టైమింగులు బాగా తేడాగా ఉంటే ఆ సర్దుబాటు కుదరకపోవచ్చు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ పేరుతో వేర్వేరు సమయాల్లో కొన్న స్టిక్‌లలో కూడా లోపలి చిప్‌లు వేరుగా ఉండవచ్చు. జంటగా అమ్మే కిట్‌లు కలిపి పరీక్షించినవి కావడం వల్ల ఈ ఇబ్బంది తక్కువ.

అమరికలో జరిగే పొరపాట్లు

ర్యామ్ వేశాక తెర రాని కంప్యూటర్లలో మొదట చూడాల్సింది స్టిక్ పూర్తిగా దిగిందా లేదా అన్నదే. డెస్క్‌టాప్ స్టిక్ దిగడానికి కొత్తవారు ఊహించేదానికన్నా ఎక్కువ బలం కావాలి. రెండు చివరలనూ సమంగా నొక్కితే క్లిప్పు ‘టక్’మని పడుతుంది. కొన్ని బోర్డుల్లో ఒక వైపే క్లిప్పు ఉంటుంది, రెండో వైపు కదలని గాడి మాత్రమే. ఆ రెండో చివర కొద్దిగా పైకి లేచి ఉన్నా పైనుంచి చూస్తే తెలియదు. పక్కనుంచి చూసి బంగారు పూత అంచు రెండు చివరలా ఒకే ఎత్తులో కనబడుతోందా అని పోల్చుకోవాలి.

స్లాట్ ఎంపిక కూడా ముఖ్యమే. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కిస్తే వరుసగా ఏ1, ఏ2, బీ1, బీ2 ఉంటాయి. రెండు స్టిక్‌లు వేసేటప్పుడు చాలా బోర్డులకు ఏ2, బీ2 స్లాట్లు, అంటే రెండోది, నాలుగోది సరైనవి. సంకేతాల తీగ ముందు ఏ1ను తాకి ఏ2 దగ్గర ముగుస్తుంది. ఏ1లో మాత్రమే స్టిక్ వేస్తే తీగ చివర ఖాళీగా మిగిలి, అక్కడి నుంచి సంకేతం వెనక్కి ప్రతిఫలించి అసలు సంకేతాన్ని చెడగొడుతుంది. తక్కువ వేగంలో ఇది ఇబ్బంది పెట్టకపోవచ్చు. డీడీఆర్5 వేగాల్లో మాత్రం తెర రాకపోవడానికి ఇదొక్కటే చాలు. బోర్డుల మధ్య తేడాలుంటాయి కనుక ఆ బోర్డు మాన్యువల్‌లోని పట్టికే తుది ప్రమాణం.

దుమ్ము, తుప్పు మరో కారణం. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్ర తీర పట్టణాల్లో ఉప్పు తేమ వల్ల లోహపు అంచుల మీద పొర కడుతుంది. ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న స్లాట్‌లో దుమ్ము పేరుకుంటుంది. కొత్త స్టిక్ సరిగ్గా ఆ ఖాళీ స్లాట్‌లోకే వెళ్తుంది. పిన్నులను పెన్సిల్ రబ్బరుతో రుద్దడం దుకాణాల్లో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. అది తరచు పనిచేస్తుంది కూడా. అయితే రబ్బరు పలచని బంగారు పూతను అరగదీస్తుంది, పొడిని మిగులుస్తుంది, రాపిడి వల్ల స్థిర విద్యుత్తును పుట్టిస్తుంది. నూలు వదలని గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి తుడిచి, పూర్తిగా ఆరనివ్వడం మేలు. స్లాట్‌లోని దుమ్మును గాలి పంపుతో ఊదాలి. నోటితో ఊదితే తేమ చేరుతుంది.

ర్యామ్ వేసే చెయ్యి పక్క భాగాలను కదిలించడమూ మామూలే. ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే నాలుగు లేదా ఎనిమిది పిన్నుల వైరు, 24 పిన్నుల ప్రధాన వైరు, గ్రాఫిక్స్ కార్డు, క్యాబినెట్ ముందు బటన్ వైర్లు ఏవైనా వదులు కావచ్చు. ప్రాసెసర్ కూలర్‌ను తీసి బిగించి ఉంటే సాకెట్‌లోని పిన్నులు వంగి ఉండవచ్చు, లేదా ఒక వైపు ఎక్కువ బిగిసి ఉండవచ్చు. మెమొరీ దారులు ప్రాసెసర్ సాకెట్ గుండానే వెళ్తాయి కాబట్టి ఒక్క పిన్ను తాకకపోయినా ఒక చానెల్‌లోని, అంటే ఏ లేదా బీ వరుసలోని, స్లాట్లన్నీ పనిచేయకుండా పోవచ్చు. ఇవేవీ లేకపోయినా, మానిటర్ వైరును గ్రాఫిక్స్ కార్డుకు బదులు మదర్‌బోర్డుకు తగిలించడం వల్ల తెర రాకపోవడమూ ఉంది.

మెమొరీ ట్రైనింగ్, వేగం సెట్టింగులు

కొత్త ర్యామ్ వేసిన మొదటిసారి బయాస్ ప్రతి సంకేత రేఖకూ సరైన సమయాన్ని, వోల్టేజిని వెతికి కుదుర్చుకుంటుంది. దీన్ని మెమొరీ ట్రైనింగ్ అంటారు. డీడీఆర్3 కాలంలో ఇది కనబడకుండానే పూర్తయ్యేది. 2022లో వచ్చిన రైజెన్ 7000 తరం కంప్యూటర్లలో డీడీఆర్5 ట్రైనింగ్‌కు మొదట్లో కొన్ని నిమిషాలు పట్టేది, స్టిక్‌ల సంఖ్య, పరిమాణం పెరిగితే ఇంకా ఎక్కువ. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది, బోర్డు మీద డీర్యామ్ దీపం వెలుగుతూ ఉంటుంది, మధ్యలో కంప్యూటర్ తనంతట తానే రెండు మూడుసార్లు ఆగి మొదలు కావచ్చు. చెడిపోయిందనుకొని మధ్యలో ఆపేస్తే ట్రైనింగ్ మళ్లీ మొదటికొస్తుంది. కొత్త బోర్డుల్లో డీడీఆర్5 వేసినప్పుడు కనీసం పది పదిహేను నిమిషాలు కదిలించకుండా ఉంచడం మొదటి పరీక్ష.

ర్యామ్ పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే వేగం చాలాసార్లు జెడెక్ ప్రమాణ వేగం కాదు. ఇంటెల్ వారి ఎక్స్ఎంపీ, ఏఎండీ వారి ఎక్స్‌పో అనే ప్రొఫైల్‌ను బయాస్‌లో ఆన్ చేస్తేనే ఆ వేగం వస్తుంది. అందుకు ఎక్కువ వోల్టేజి కావాలి, కంట్రోలర్ మీద ఒత్తిడి పెరుగుతుంది. పాత ర్యామ్ కోసం ఆన్ చేసిన ప్రొఫైల్ అలాగే ఉండగా కొత్త స్టిక్ వేస్తే, బయాస్ ఆ పాత వేగాన్నే రుద్దబోయి విఫలం కావచ్చు. స్టిక్‌ల సంఖ్య పెరిగినకొద్దీ భరించగల వేగం తగ్గుతుంది. రైజెన్ 7000కు ఏఎండీ ప్రకటించిన వేగం రెండు స్టిక్‌లతో 5200 అయితే నాలుగింటితో 3600 మాత్రమే. రెండు స్టిక్‌లతో 6000 వద్ద సాఫీగా నడిచిన కంప్యూటర్ మరో రెండు చేర్చగానే నిలిచిపోతే అందులో వింత లేదు. ప్రొఫైల్‌ను ఆఫ్ చేశాకే కొత్త స్టిక్‌లు వేయాలి.

బీపులు, దీపాలు, అంకెలు

స్విచ్ వేయగానే కంప్యూటర్ తనను తాను పరీక్షించుకునే దశను పోస్ట్ అంటారు. అది ఎక్కడ ఆగిందో సూచించే గుర్తులు బయాస్ తయారీదారును బట్టి మారతాయి. పాత ఏఎంఐ బయాస్‌లలో ఒకటి, రెండు, మూడు పొట్టి బీపులు మెమొరీ లోపాలను సూచిస్తాయి. అవార్డ్ బయాస్‌లో ఆగకుండా వచ్చే పొడవాటి బీపులకూ అదే అర్థం. ఫీనిక్స్ బయాస్ బీపులను గుంపులుగా, మధ్యలో విరామంతో మోగిస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మ్యాక్‌లలో ఐదు సెకన్లకొకసారి ఒక్క మోత వస్తే ర్యామ్ లేదని, మూడు మోతలు, ఐదు సెకన్ల విరామం వస్తే ర్యామ్ పరీక్షలో నెగ్గలేదని అర్థం. బీప్ వినబడాలంటే బోర్డుకు చిన్న స్పీకరు తగిలించి ఉండాలి. ఇప్పటి క్యాబినెట్లలో చాలావాటితో అది రావడం లేదు. విడిగా కొని నాలుగు పిన్నుల చోట తగిలించుకోవచ్చు.

ఇటీవలి ఆసుస్, ఎంఎస్ఐ, గిగాబైట్, ఏఎస్‌రాక్ బోర్డుల్లో చాలావాటి మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు దీపాలుంటాయి. ఏ దీపం దగ్గర ఆగిపోతే లోపం ఆ భాగానిది. డీర్యామ్ దాటి వీజీఏ దగ్గర ఆగితే మెమొరీ గట్టెక్కినట్టే, గ్రాఫిక్స్ కార్డును తీసి మళ్లీ బిగించాలి. ఖరీదైన బోర్డుల మీద రెండంకెల చిన్న తెర ఉంటుంది. ఏఎంఐ యూఈఎఫ్ఐలో 50 వేగమో రకమో పొసగలేదని, 51 ఎస్‌పీడీ చదవలేకపోయిందని, 53 వాడదగిన మెమొరీ కనబడలేదని, 55 అసలు మెమొరీయే లేదని చెబుతాయి. ఇటీవలి డెల్ ల్యాప్‌టాప్‌లలో దీపం రెండుసార్లు కాషాయంగా, మూడుసార్లు తెల్లగా మెరిస్తే ర్యామ్ కనబడలేదని, రెండుసార్లు కాషాయంగా, నాలుగుసార్లు తెల్లగా మెరిస్తే ర్యామ్ లోపమని అర్థం.

ఒక్క స్టిక్ కూడా లేకుండా కంప్యూటర్ ఆన్ చేయడం కూడా ఉపయోగపడే పరీక్షే. స్పీకరో దీపమో ఉన్న బోర్డు అప్పుడు ర్యామ్ లేదని ఫిర్యాదు చేయాలి. ఆ గుర్తు వచ్చిందంటే ప్రాసెసర్, బయాస్ అక్కడి దాకా పనిచేస్తున్నట్టు. ఏ గుర్తూ రాకపోతే అనుమానం ర్యామ్‌ను దాటి బోర్డు, ప్రాసెసర్, ఎస్ఎంపీఎస్‌ల మీదికి వెళ్తుంది.

పరీక్షించే క్రమం

పని మొదలుపెట్టేముందు ప్లగ్ తీసేసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టాలి. కంప్యూటర్ ఆపేసినా ప్లగ్‌లో ఉన్నంతసేపు బోర్డులో 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఉంటుంది. ఆ స్థితిలో ర్యామ్ తీయడం, వేయడం ప్రమాదం. ఒంటి మీది స్థిర విద్యుత్తు మనిషికి చురుక్కుమనిపించాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి, చిప్‌లు అంతకన్నా ఎంతో తక్కువకే దెబ్బతింటాయి. అందుకని క్యాబినెట్ లోపలి రంగు లేని లోహాన్ని ముట్టుకున్నాక స్టిక్‌ను అంచుల దగ్గర మాత్రమే పట్టుకోవాలి. ఎర్తింగ్ సరిగ్గా లేని ఇళ్లలో ప్లగ్ పెట్టి ఉన్న క్యాబినెట్‌ను ముట్టుకుంటే సన్నగా షాక్ తగులుతుంది. ఎస్ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల ద్వారా బాడీకి వచ్చే ఆ కరెంటుకు ఎర్తింగ్ సరిచేయించడం తప్ప మందు లేదు.

తర్వాతి మెట్టు కొత్త ర్యామ్ తీసేసి, పాతదాన్ని పాత స్లాట్‌లోనే వేసి చూడడం. అప్పుడు కంప్యూటర్ మొదలైతే బోర్డు, ప్రాసెసర్, ఎస్ఎంపీఎస్ బాగున్నాయని తేలిపోయింది, వెతకాల్సిన చోటు సగానికి పైగా తగ్గింది. పాతదానితోనూ తెర రాకపోతే కొత్త ర్యామ్‌ను నిందించే ముందు వైర్లు, కార్డులు, మానిటర్ వైరు అన్నీ తీసి మళ్లీ బిగించాలి.

పాతదానితో మొదలైన కంప్యూటర్‌లో ఇప్పుడు కొత్త స్టిక్‌ను ఒంటరిగా, మాన్యువల్ చెప్పిన స్లాట్‌లో వేయాలి. అది పనిచేస్తే స్టిక్ మంచిదే, పాతదానితో కలవకపోవడమే చిక్కు. పనిచేయకపోతే మిగతా స్లాట్లలో ఒక్కొక్కదానిలో వేసి చూడాలి. ఒకే స్టిక్ అన్ని స్లాట్లలోనూ విఫలమై, వేరే స్టిక్ అవే స్లాట్లలో నడిస్తే తప్పు స్టిక్‌ది, లేదా దాని పొంతనది. అన్ని స్టిక్‌లూ ఒకే స్లాట్‌లో విఫలమైతే తప్పు స్లాట్‌ది, లేదా దాని వెనుక ప్రాసెసర్ సాకెట్‌ది. ఏ స్టిక్ ఏ స్లాట్‌లో ఏమైందో కాగితం మీద రాసుకుంటే నాలుగు స్లాట్ల పరీక్షలో గందరగోళం రాదు.

కొత్త స్టిక్ ఒంటరిగానూ పనిచేయకపోతే బయాస్ సెట్టింగులను తుడిచేయాలి. ఇందుకు బోర్డు మీద ఒక బటనో, రెండు పిన్నుల జంపరో ఉంటుంది. అవి లేకపోతే ప్లగ్ తీసి, సీఆర్2032 రకం 3 వోల్టుల సెల్‌ను కొన్ని నిమిషాలు బయట ఉంచాలి. సెల్ ఐదారేళ్ల పాతదైతే మార్చేయడమే మంచిది. ఈ పని వల్ల గడియారం, బూట్ క్రమం, ప్రొఫైళ్లు అన్నీ మొదటికి వస్తాయి. బిట్‌లాకర్‌తో తాళం వేసిన డిస్క్ ఉంటే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ ఎక్కడ భద్రపరిచి ఉందో ముందే చూసుకోకపోతే ర్యామ్ సమస్య తీరినా ఫైళ్లు అందవు.

ఆ తర్వాతిది బయాస్ అప్‌డేట్. దాన్ని పాత ర్యామ్‌తో కంప్యూటర్ నిలకడగా నడుస్తున్నప్పుడు, ఎక్స్ఎంపీ ఆఫ్ చేసి, యూపీఎస్ మీద చేయాలి. మధ్యలో కరెంటు పోతే బోర్డే లేవకపోవచ్చు. కొన్ని బోర్డులు ర్యామ్, ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్ నుంచి బయాస్ రాసుకోగలవు. ఇన్ని చేసినా ఫలితం లేకపోతే అదే తరం ర్యామ్ వాడే మరో కంప్యూటర్‌లో స్టిక్ వేసి చూడడం చివరి పరీక్ష. అక్కడా పనిచేయకపోతే అది లోపమున్న స్టిక్కే.

ల్యాప్‌టాప్‌లలో తేడాలు

ల్యాప్‌టాప్‌లకు సో-డిమ్ అనే పొట్టి స్టిక్‌లు వాడతారు. వాటి పిన్నులు డీడీఆర్3లో 204, డీడీఆర్4లో 260, డీడీఆర్5లో 262. స్టిక్‌ను ఏటవాలుగా స్లాట్‌లో చివరి దాకా తోసి, ఆ తర్వాతే కిందికి నొక్కాలి. పూర్తిగా లోపలికి వెళ్లకుండానే నొక్కినా పక్క క్లిప్పులు పట్టుకుంటాయి, అందుకే పైకి సరిగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది. బంగారు అంచు బాగా బయటికి కనబడుతుంటే స్టిక్ దిగనట్టే. పని మొదలుపెట్టేముందు చార్జర్‌తో పాటు లోపలి బ్యాటరీ కనెక్టర్‌ను కూడా ఊడదీయాలి. దాన్ని మళ్లీ పెట్టడం మరిచిపోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద మొదలు కాదు. కొన్ని మోడళ్లు బ్యాటరీ ఊడదీసి పెట్టాక చార్జర్ తగిలించేదాకా లేవవు.

కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌లో కొంత బోర్డు మీదే అతికించి ఉంటుంది, ఒక స్లాట్ మాత్రమే ఖాళీగా ఉంటుంది. స్లాట్‌లోది తీసేశాక అతికించిన ర్యామ్‌తో ల్యాప్‌టాప్ మొదలైతే బోర్డు బాగున్నట్టు. పలచని మోడళ్లలో అసలు స్లాటే ఉండదు. వాటికి మెమొరీ పెంచడం కుదరదు.

తెర వచ్చాక మిగిలే లోపాలు

బయాస్ దాటి విండోస్ మొదలవుతూ నీలి తెరతో ఆగిపోవడం, ఫైళ్లు పాడవడం, పెద్ద ప్రోగ్రాంలు హఠాత్తుగా మూసుకుపోవడం కూడా ర్యామ్ లోపాలే కావచ్చు. పోస్ట్ దశలోని పరీక్ష పైపైనది, ప్రతి బిట్‌నూ చూడదు. అందుకు పెన్‌డ్రైవ్ నుంచి నడిచే మెమ్‌టెస్ట్86, మెమ్‌టెస్ట్86ప్లస్ లాంటి ప్రోగ్రాంలున్నాయి. విండోస్‌లో కూడా మెమొరీ డయాగ్నొస్టిక్ ఉంది. మెమ్‌టెస్ట్‌ను రాత్రంతా నడపడం మంచిది. ఒక్క తప్పు చూపినా దాన్ని ఉపేక్షించకూడదు. ముందు ఎక్స్ఎంపీ ఆఫ్ చేసి మళ్లీ నడపాలి. అప్పుడు తప్పులు పోతే వేగం ఎక్కువైందని, అప్పటికీ వస్తుంటే ఒక్కో స్టిక్‌నూ విడిగా పరీక్షించాలని అర్థం. కంప్యూటర్ మొదలై, వేసినంత మెమొరీ కనబడకపోతే కారణం వేరు. 32 బిట్ల విండోస్ ఇంటి కంప్యూటర్ రకాలు 4 జీబీకి మించి వాడుకోలేవు, గ్రాఫిక్స్ కోసం కొంత మెమొరీ పక్కకు పోతుంది, లేదా ఒక స్టిక్ సరిగ్గా దిగలేదు.

కొనేముందు చూడాల్సినవి

ఈ ఇబ్బందుల్లో ఎక్కువ భాగం కొనేముందే తప్పించవచ్చు. సీపీయూ-జెడ్ లాంటి ఉచిత ప్రోగ్రాం ఇప్పుడున్న ర్యామ్ తరాన్ని, వేగాన్ని, బోర్డు మోడల్‌ను, ఎస్‌పీడీ వివరాలను చూపిస్తుంది. ఒక్కో స్లాట్‌కు, మొత్తానికి ఎన్ని జీబీలు హద్దో బోర్డు లేదా ల్యాప్‌టాప్ మాన్యువల్‌లో ఉంటుంది. బోర్డు తయారీదారు పరీక్షించి ప్రకటించిన ర్యామ్ జాబితాలో కొనబోయే స్టిక్ మోడల్ నంబరు ఉంటే నమ్మకం పెరుగుతుంది. ఉన్నదానికి తోడు మరొకటి చేర్చేకన్నా, కావలసిన మొత్తాన్ని జంట కిట్‌గా కొనడం మేలు.

సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి కంప్యూటర్ బజార్లలో కొనేవారు క్యాబినెట్‌ను వెంట తీసుకెళ్లి అక్కడే వేయించుకుని తెర చూసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు స్టిక్‌లు నిలకడగా నడిచేదాకా పెట్టెను, బిల్లును దాచి ఉంచాలి. స్టిక్ మీది స్టిక్కర్ చించితే వారంటీ పోతుంది. కిట్‌లో ఒక స్టిక్కే చెడినా రెండూ కలిపి వెనక్కి పంపాలి, ఎందుకంటే జంటగా పరీక్షించినవాటికి జంటగానే బదులు ఇస్తారు. తీసేసిన పాత ర్యామ్‌ను అమ్మేయకుండా యాంటీస్టాటిక్ కవర్‌లో భద్రపరచాలి. ఇకముందు ఎప్పుడైనా తెర రాకపోతే, తప్పు ర్యామ్‌దా బోర్డుదా అని తేల్చడానికి పనిచేస్తుందని తెలిసిన ఆ ఒక్క స్టిక్ చాలు.